ఉత్తరం గోడ

లైట్రిమ్‌లో వాన పడదు, ఉంటుంది.
ఇంట్లో మనిషిలా.

మేం కొన్న నాలుగెకరాల్లో మూడు తుంగవి.
మిగిలినదాంట్లో ఇల్లు, మేక, పదకొండు కోళ్లు,
మొలవడమా మానడమా ఇంకా తేల్చుకోని క్యారట్ మడి.
"ఈ నేల బూటు ఉంచుకుని కాలు తిరిగిస్తుంది,
అంతవరకు మంచిదే"
అంటాడు గట్టు అవతలి ప్యాకీ.

రాత్రి పదింటికి కూడా వెలుతురు చావని జూన్‌లో
జామ్ సీసా పట్టుకుని చీకటి కోసం ఎదురుచూస్తాను.
నత్తలు అప్పుడే వస్తాయి,
గుల్లల్లేనివి, నల్లవి, బొటనవేలంతేసి.
నిన్న నూట నలభై రెండు.
ఎందుకు లెక్కపెడుతున్నావంటాడు మలాకీ.
ఏమో. చేతులు ఏరుతుంటే నోరు ఊరుకోదు.

ఉత్తరం గోడకి ఎవరో సిమెంటు పూశారు,
ఎప్పుడో, మంచి చేస్తున్నామనుకుని.
రాయికి ఊపిరాడక లోలోపలే చెమర్చి
మా మంచం వెనక నల్లటి బూజు.
నాలుగు ఆదివారాలు, రెండు ఉలులు,
మలాకీ ఎడమ బొటనవేలి గోరు.
పెచ్చులు పెచ్చులుగా ఊడి
నా జుట్టులో, పాలగిన్నెలో,
తనకేం సంబంధం లేనట్టు చూసే మేక కనుబొమల మీద.

దాని కింద పాత సున్నం.
సున్నం మీద పెన్సిలు గీతలు.
ఆరు నిలువు, పైన ఒక అడ్డం.
ఆరు నిలువు, ఒక అడ్డం.
తలుపు దగ్గర్నుంచి పొయ్యి దాకా, నా భుజం ఎత్తున.
అంటే ఆమె కూడా నా అంతే.

"ఒనోరా" అన్నాడు ప్యాకీ, టోపీ తీసి.
"గుడ్లు. గురువారం గురువారం అంగడి బండి వచ్చేది.
టీపొడి గుడ్లకే, పంచదార గుడ్లకే,
కిరసనాయిలూ గుడ్లకే.
బండివాడి లెక్క పుస్తకంలో. ఈమె లెక్క గోడ మీద."
మరి కిటికీ కింద ఈ మూరెడు ఖాళీ?
ప్యాకీ టోపీ పెట్టుకున్నాడు.
నక్క పడి ఉంటుందన్నాడు. వానొస్తోందన్నాడు.
ఖాళీ దాటాక గీతలు మళ్లీ మొదలు,
మొదటి నాలుగూ సున్నం చీరుకుపోయేంత నొక్కి.

ఆ ముక్క వదిలేద్దాం, పైన గాజు పలక బిగిద్దాం
అన్నాను.
మనసులోనే అన్నానని తర్వాత తెలిసింది.
క్యాబేజీలకి వల కప్పి వచ్చేసరికి
మలాకీ బకెట్ ఖాళీ చేసి
గోడంతా సున్నం కొట్టి
మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాడు,
కనురెప్పలు కూడా తెల్లగా.

అరిచాను. వాళ్లమ్మ దాకా వెళ్లాను.
అతను బ్రష్షుతో గోడ చూపించాడు.
తడి సున్నానికి దాపరికం తెలీదు.
గీతలన్నీ ఎప్పటికంటే నల్లగా,
ఏడ్చి కడుక్కున్న మొహంలో కళ్లలా.
"చూడు, ఎక్కడికీ పోలేదు."
ఆరితే పోతాయి, పిచ్చివాడా.

ఆరేదాకా కూర్చున్నాం.
టీ చల్లారింది. కోళ్లు వాటంతటవే గూట్లోకెళ్లాయి.
పై వరసల నుంచి ఒక్కొక్కటే తెల్లబడుతూ వచ్చి
చివరికి
ఖాళీ ఏదో, లెక్క ఏదో
తెలియని గోడ.

నవంబరులో మూడు రోజులు ముసురు.
కప్పు మీద స్లేటు పలక ఒకటి జారింది, మేం చూసుకోలేదు.
పాలు పితకడానికి చీకటితోనే లేచి దీపం వేస్తే
పొయ్యి పక్కన చేటంత చెమ్మ.
అందులో
ఆరు నిలువు, ఒక అడ్డం.

మలాకీని లేపలేదు.
నిచ్చెన వేయాలి, స్లేటు ఎక్కించాలి, తెలుసు.
ముందు మేక సంగతి చూడాలి.
ఆ తర్వాత గూడు తెరిచి చెయ్యి పెట్టాలి,
ఈ చలికి అవి పెట్టేదేం లేదు గానీ.